చెట్టు ప్రాణం పట్ట కింద ఉంది



ఏటా వానలు పడగానే మనం మొక్కలు నాటుతాం. గుంతలు తీస్తాం, నీళ్ళు పోస్తాం, మేకలు రాకుండా చుట్టూ కంప పెడతాం. మంచి పనే. అయితే నాటిన మొక్క మీద ఉన్న ప్రేమ పెరిగిన చెట్టు మీద మనకు లేదని నా అభిప్రాయం. నమ్మకం లేకుంటే ఇప్పుడే పోయి మెస్ వెనక వేపచెట్లను చూడండి. బట్టలు ఆరేసే ఇనుప తీగ మూడు చెట్ల మానులకు బిగించి కట్టి ఉంది. ఒక చెట్టుకు వరుసగా మేకులు, ఆ మేకులకు బకెట్లు. ఇంకో చెట్టు మీద పదో తరగతి అయిపోయి వెళ్ళిన అన్నల పేర్లు, ఏ సంవత్సరం వెళ్ళారో ఆ అంకెలతో సహా చెక్కి ఉన్నాయి.

"ఏం పోయిందిలేప్పా, అంత పెద్ద మానుకు ఈ తీగ ఒక లెక్కా?" అని అడిగేవాళ్ళు ఉన్నారు. దానికి జవాబు మన జీవశాస్త్రం పుస్తకంలోనే ఉంది. కణజాలాల పాఠం అంటే బొమ్మ వేసి, బాణం గుర్తులు పెట్టి, పేర్లు రాసి మార్కులు తెచ్చుకునేదని మనం అనుకుంటున్నాం. అది మన వేపచెట్టు పాఠం. నల్లమలలో తపసిచెట్టు పాఠం. మనలో కొందరి ఇళ్ళలో పొయ్యి వెలగడం కూడా ఆ పాఠం మీదే ఆధారపడి ఉంది. ఎట్లా అన్నది కింద రాస్తున్నాను. ఓపికగా చదవమని మనవి.

చెట్టు ఎక్కడ పెరుగుతుంది?

మనిషి పెరిగితే ఒళ్ళంతా పెరుగుతుంది. చెట్టు అట్లా కాదు. చెట్టు పొడవు పెరిగేది కొసల్లోనే. పైన చిగురు కొస, కింద వేరు కొస. ఆ కొసల్లో కణాలు ఒకటి రెండై, రెండు నాలుగై చీలుతూ ఉంటాయి. దీన్నే పుస్తకం అగ్ర విభాజ్య కణజాలం అంటుంది. కొస దాటి కొంచెం కిందికి వస్తే ఆ కణాలు సాగి, ముదిరి, తలా ఒక పనిలో కుదురుకుంటాయి. ఒకసారి ముదిరిన మాను మళ్ళీ పొడవు సాగదు.

కాబట్టి ఒక లెక్క. నేల నుంచి 4 అడుగుల ఎత్తులో చెట్టుకు మేకు కొట్టాం. చెట్టు ఏడాదికి ఒక అడుగు చొప్పున పెరిగింది. 10 ఏళ్ళ తర్వాత మేకు ఎంత ఎత్తులో ఉంటుంది? మా క్లాసులో ఈ ప్రశ్న వేస్తే ఎక్కువమంది 14 అడుగులు అన్నారు. సరైన జవాబు 4 అడుగులే. మేకు ఉన్నచోటనే ఉంటుంది, చెట్టు దాని పైన పెరిగిపోతుంది. అనుమానం ఉంటే చెక్కిన పేర్లు చూడండి. ఆ అన్నలు వెళ్ళి ఎన్నో ఏళ్ళయినా పేర్లు ఇంకా మన కంటికి ఎదురుగానే ఉన్నాయి. అక్షరాలు మాత్రం అడ్డంగా సాగిపోయి వెడల్పయ్యాయి.

వెడల్పు ఎందుకయ్యాయంటే, లావు పెరిగే చోటు వేరే ఉంది. అది పట్టకు లోపల, కర్రకు బయట, మాను చుట్టూ చొక్కా తొడిగినట్టు ఉండే ఒక పలుచని పొర. కాగితమంత పలచన. పుస్తకంలో పార్శ్వ విభాజ్య కణజాలం అని ఉన్నది ఇదే. ఇది లోపలి వైపు కర్రను వేస్తుంది, బయటి వైపు కొత్త పట్టను వేస్తుంది. మన బెంచీలు, తలుపులు, నాగలి కాడి, ఇంటి దూలం, ఏ కర్ర చూసినా ఒకప్పుడు ఈ పలుచని పొర వేసిందే. ఇంత పని చేసే పొర మన గోటికి అందేంత పైన ఉంది. అసలు సమస్య అదే.

మన మాటల్లో కణజాలాలు

పుస్తకంలోని పేర్లు నోరు తిరగవు, నిజమే. కానీ ఆ వస్తువులన్నీ మన ఇళ్ళ దగ్గర ఉన్నాయి. వాటికి మన మాటలు కూడా ఉన్నాయి.

పట్ట: బయట కనబడే ఎండు పట్టలో ఉండేవి చచ్చిన కణాలు. లోపలి తడి ఆరిపోకుండా, ఎండ తగలకుండా, పురుగు దూరకుండా అవి కాపలా. మన సీమ ఎండలకు ఆ కాపలా ఎంత అవసరమో చెప్పే పని లేదు. 1665లో ఇంగ్లండులో రాబర్ట్ హుక్ అనే ఆయన సూక్ష్మదర్శినిలో చూసి కణానికి ఆ పేరు పెట్టింది కూడా ఇట్లాంటి ఎండు పట్టలోనే, సీసా బిరడాలు చేసే బెండులో.

నార: గోగు కట్టెలను, జనుము కట్టెలను నీళ్ళలో నానబెట్టి ఒలిస్తే వచ్చేది నార. పుస్తకం దాన్ని దృఢ కణజాలం అంటుంది. ఎద్దును కట్టే పలుపులో, నులక మంచంలో ఉండేది అదే. ఈ నార పక్కనే, లోపలి మెత్తని పట్టలో, అన్నం దారి ఉంటుంది. ఆకులు ఎండలో వండిన తీపి ఈ దారిలోనే వేర్లకు దిగుతుంది. పుస్తకంలో పోషక కణజాలం అంటే ఇదే. ఇది బతికి ఉన్న కణజాలం.

కర్ర: పట్టకు లోపల ఉండే కొత్త కర్ర నీళ్ళ దారి. వేరు తాగిన నీరు ఆకుకు ఎక్కేది దీంట్లోనే. దీని పేరు దారువు.

చేవ: మధ్యలో ముదిరి, రంగు మారి, గట్టిపడిన కర్ర. నీళ్ళు మోసే పని ఎప్పుడో మానేసిన చచ్చిన కర్ర. కడప వైపు పాలకొండల్లో, శేషాచలంలో, లంకమలలో పెరిగే ఎర్రచందనం ఎరుపంతా ఈ చేవలోనే ఉంటుంది. చుట్టూ ఉండే లేత కర్ర తెల్లగానే ఉంటుంది. ప్రపంచంలో ఎర్రచందనం సహజంగా పెరిగే అడవులు మన తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే ఉన్నాయి. చేవ పట్టడానికి ఆ చెట్టు ఏళ్ళ తరబడి బతకాలి. దొంగ గొడ్డలికి ఒక్క రాత్రి చాలు.

"మొక్కై వంగనిది మానై వంగునా" అని మనల్ని తిట్టేటప్పుడు పెద్దలు అంటారు కదా, అందులో కూడా కణజాలమే ఉంది. మొక్కలో మెత్తని కణాలు ఎక్కువ, కర్ర తక్కువ, అందుకే వంగుతుంది. మానులో అంతా కర్ర.

ఇప్పుడు ఒక ముఖ్యమైన సంగతి. లోపల తొర్ర పడిపోయి, మనిషి దూరేంత గుల్ల అయిన చింతచెట్లను మన ఊళ్ళలో చూసే ఉంటారు. అవి ఏటా కాయలు కాస్తూనే ఉంటాయి. ఎందుకంటే పోయింది చేవ, అది ఎట్లాగూ చచ్చిన కర్ర. అదే చెట్టుకు పైన జానెడు వెడల్పున పట్టను చుట్టూ ఒలిచేస్తే నిలువునా చస్తుంది. చెట్టు ప్రాణం నడి మానులో లేదు. పట్ట కింద ఉంది.

ఈ విషయం మన పెద్దోళ్ళకు పుస్తకం లేకుండానే తెలుసు. చెట్టు ఎండిపోయిందా, ఆకు రాల్చిందా అని తెలియకపోతే కొమ్మ మీద గోటితో గీరి చూస్తారు. లోపల పచ్చగా, తడిగా ఉంటే "ఇది బతికే ఉండాది, కొట్టొద్దు" అంటారు. ప్రయోగశాలలో గాజు పలక మీద మనం చూడాల్సినదాన్ని వాళ్ళు గోటితో చూస్తున్నారు.

తీగ ఏం చేస్తుంది?

బిగించి కట్టిన తీగ మొదటి ఏడాది ఏమీ చేయదు. అందుకే మనకు భయం లేదు. కానీ మాను లావు పెరుగుతుంది, తీగ పెరగదు. రెండు మూడు ఏళ్ళకు తీగ పట్టలోకి దిగుతుంది, అన్నం దారిని నొక్కుతుంది. పై నుంచి దిగే తీపి అక్కడ ఆగి, తీగకు పై భాగం ఉబ్బుతుంది. మెస్ వెనక చెట్టు దగ్గరకు పోయి చేత్తో తడిమి చూడండి, ఆ ఉబ్బు తెలుస్తుంది. 17వ శతాబ్దంలోనే ఇటలీలో మార్సెల్లో మాల్పీజీ అనే శాస్త్రవేత్త చెట్లకు ఉంగరం లాగా పట్ట ఒలిచి, ఒలిచిన చోటుకు పై భాగం ఉబ్బడం గమనించాడు. ఆకుల నుంచి ఏదో ఆహారం పట్టలో కిందికి దిగుతోందని అనుకోవడానికి అది సాక్ష్యమైంది.

చెట్టు వెంటనే చావదు. నీళ్ళ దారి లోపల కర్రలో ఉంది కాబట్టి ఆకులు పచ్చగానే ఉంటాయి. కింద వేర్లు మాత్రం తాము దాచుకున్న నిల్వ తింటూ ఆకలితో ఉంటాయి. నిల్వ అయిపోయాక వేర్లు చస్తాయి, తర్వాత ఆకులు ఎండుతాయి. అప్పుడు మనం "ఎండలకు పోయింది" అంటాం. నేరం ఎండ మీద వేస్తాం.

మేకు సంగతి వేరు. ఒక్క మేకుతో చెట్టు చావదు. అది ఉన్న మాటే చెప్పాలి. కానీ ప్రతి మేకు ఒక గాయం, గాయం పుచ్చుకు వాకిలి. మనకు దెబ్బ తగిలితే ఆ చోటే మానుతుంది. చెట్టు గాయం అట్లా మానదు, పక్క నుంచి కొత్త కర్ర, కొత్త పట్ట వచ్చి మూసుకుంటుంది. దెబ్బ తిన్న పాత కర్ర లోపల అట్లాగే ఉండిపోతుంది. వానలు తక్కువైన మన సీమలో చెట్టు నిదానంగా పెరుగుతుంది కాబట్టి మూసుకోవడం కూడా నిదానమే.

తపసిచెట్టు చెప్పే న్యాయం

హాస్టల్ చెట్ల మాట పక్కన పెట్టి, నల్లమలకు పోదాం. ఆత్మకూరు, బైర్లూటి, శ్రీశైలం వైపు నుంచి వచ్చిన చెంచు మిత్రులకు తపసిచెట్టు తెలుసు. రాళ్ళ గుట్టల మీద, వేరే చెట్టు నిలవని చోట, ఎండాకాలంలో ఆకంతా రాల్చి తెల్లని మానుతో నిలబడి ఉంటుంది. దాని పట్టకు గాటు పెడితే జిగురు కారుతుంది. గాయం తగిలిన చోట చెట్టు లోపల కొన్ని కణాలు కరిగి కాలువలు ఏర్పడతాయి, వాటిలో నుంచి జిగురు వచ్చి గాయాన్ని కప్పుతుంది. అంటే జిగురు మన కోసం కాసిన కాయ కాదు, చెట్టు తన గాయానికి కట్టుకునే కట్టు. ఆ కట్టునే మనం తీసి అమ్ముకుంటున్నాం.

దీన్ని బయటి దేశాల్లో గమ్ కరాయా అంటారు. నీళ్ళు పోస్తే ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. కట్టుడు పళ్ళు అంటించే పొడిలో, మందుల్లో, తినే పదార్థాల్లో వాడతారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఈ జిగురు కొంటుంది. తెల్లగా, శుభ్రంగా ఉన్న జిగురుకు ఎక్కువ ధర, పట్ట పెచ్చులు కలిసి నల్లబడినదానికి తక్కువ ధర.

ఇక్కడే కణజాలాల పాఠం కడుపు పాఠం అవుతుంది. గాటు పట్ట వరకే పడితే, పలుచని పొర మిగిలితే, చెట్టు మూసుకుంటుంది, మళ్ళీ జిగురు ఇస్తుంది. గొడ్డలి లోతుగా దిగి కర్రను తాకితే ఆ చోట పొర పోయింది. ఆ ఏడాది జిగురు కొంచెం ఎక్కువ రావచ్చు, తర్వాత ఆ చెట్టు పుచ్చుతుంది. గాట్లు చుట్టూ కలిసిపోతే చెట్టే పోతుంది. పైగా జిగురు బాగా కారేది ఎండాకాలంలో. అప్పుడు చెట్టుకు ఆకు లేదు, కొత్త అన్నం లేదు, దాచుకున్న నిల్వ మీదే బతుకుతోంది. చాలా అడవుల్లో తపసిచెట్లు తగ్గిపోవడానికి లోతు గాట్లు ఒక కారణం.

అట్లాగని తప్పంతా జిగురు తీసేవాళ్ళ మీద వేయడం అన్యాయం. ఇంట్లో గింజ లేని నెలల్లో, తూకం లెక్కన డబ్బు ఇచ్చేటప్పుడు, ఈ చెట్టు నేను గీయకపోతే రేపు ఇంకొకడు గీస్తాడని భయం ఉన్నప్పుడు, ఎవరి చెయ్యి అయినా లోతుగానే దిగుతుంది. నిదానంగా గీసేవాడికి ఆ చెట్టు వచ్చే ఏడు కూడా తనదే అన్న ధైర్యం కావాలి. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద గిరిజనులకు హక్కు ఇచ్చింది. ఆ హక్కు కాగితం మీదే ఉండిపోతే చెట్టూ మిగలదు, మనమూ మిగలం.

1990ల నుంచి గిరిజన సహకార సంస్థ, విశాఖపట్నంలోని కోవెల్ ఫౌండేషన్ జిగురు తీసేవాళ్ళకు మంచి పద్ధతులు నేర్పాయి. ఆ పద్ధతుల సారం చిన్నదే. గొడ్డలి బదులు పదునైన చిన్న కత్తి. సన్న చెట్టును ముట్టుకోకూడదు. గాటు చిన్నదిగా, పట్ట మందం వరకే ఉండాలి. గాటుకూ గాటుకూ మధ్య పట్ట వదలాలి. చెట్టుకు మధ్యమధ్య విశ్రాంతి ఇవ్వాలి. ఇట్లా తీసిన జిగురులో పెచ్చులు తక్కువ, కాబట్టి ధర కూడా ఎక్కువే.

పట్ట తీసుకుని చెట్టును బతికించడం కుదరదని ఎవరైనా అంటే, హుక్ చూసిన ఆ బెండు సంగతి చెప్పండి. పోర్చుగల్ దేశంలో ఒక జాతి ఓక్ చెట్టు నుంచి దాన్ని తీస్తారు. చెట్టుకు సుమారు 25 ఏళ్ళు వచ్చాకే మొదటిసారి, తర్వాత 9 ఏళ్ళకు ఒకసారి. ఆ 9 ఏళ్ళ గడువు అక్కడ చట్టం. వాళ్ళూ గొడ్డలితోనే తీస్తారు, కానీ లోపలి పొరకు దెబ్బ తగలకుండా. తీసిన సంవత్సరం తెలిసేలా మాను మీద రంగుతో అంకె వేస్తారు. మనం కూడా చెట్టు మీద సంవత్సరం వేస్తున్నాం, కత్తితో చెక్కి.

కొందరి మాటలకు నా జవాబు

"మరి బట్టలు ఎక్కడ ఆరేసుకోవాలి?" న్యాయమైన ప్రశ్న. రెండు రాతి కూసాలు పాతి తీగ లాగితే సరిపోతుంది. మన జిల్లాల్లో రాయికి కరువు లేదు. అది వచ్చే దాకా చెట్టుకు తీగ బదులు సైకిల్ ట్యూబు పట్టీ వెడల్పుగా, వదులుగా చుట్టి, దానికి తాడు కట్టుకోవచ్చు. ఏడాదికి ఒకసారి విప్పి మళ్ళీ కట్టాలి.

"రోజూ పళ్ళపుల్ల విరుస్తున్నాం, అది తప్పు కాదా?" నా అభిప్రాయంలో కాదు. చిన్న కొమ్మ విరిస్తే కింద నిద్రపోతున్న పక్క మొగ్గలు లేస్తాయి. కానీ కిందికి లాగి చీల్చితే పుల్లతో పాటు మాను పట్ట ఊడి వస్తుంది, అది తప్పు. ఈ ఏడు నాటిన మొక్కల చిగురు కొస మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు.

"మన పెద్దోళ్ళకు తెలిసిందే కదా, దీనికి చదువు ఎందుకు?" పెద్దోళ్ళకు ఎట్లా చేయాలో తెలుసు. ఎందుకో కూడా తెలిస్తే రేటు మాట్లాడేటప్పుడు, ఆఫీసులో అర్జీ పెట్టేటప్పుడు నోరు లేస్తుంది. అది మనలాంటి చదివే పిల్లల పని. ఇంకో వైపు, ఇంటి దగ్గర నేర్చింది పనికిరాదు, పుస్తకంలోదే చదువు అనుకునే మిత్రులకు కూడా ఒక మాట. నార, చేవ, జిగురు, చిగురు అన్న నాలుగు మాటలు అర్థమైనవాడికి కణజాలాల పాఠం సగం వచ్చినట్టే. మిగతా సగం పుస్తకం పేర్లు, అవి కూడా నేర్చుకుందాం, పరీక్షకు కావాలి కదా.

చివరిగా నా మనవి

వార్డెన్ సార్‌కు: ఈ నెలలోనే తీగలు విప్పించాలని కోరుతున్నాను. పట్టలోకి దిగిపోయిన తీగను పీకవద్దు, పీకితే గాయం పెద్దదవుతుంది. రెండు పక్కలా కత్తిరించి, లోపలి ముక్క వదిలేయాలి. చెట్టు దాన్ని మింగేస్తుంది. పాత మేకులు కూడా అంతే, కొత్తవి కొట్టకుండా చూస్తే చాలు. బోర్డుకు గోడ ఉంది.

మా జీవశాస్త్రం టీచర్‌కు: కణజాలాల పాఠం ఒక రోజు చెట్ల కింద చెప్పండి. గూడెం నుంచి జిగురు తీసే పెద్దాయనను ఒకరిని పిలిపించి, ఎంత లోతు గీయాలో ఆయన చేత్తో చూపించమనండి. మీరు పేర్లు చెప్పండి, ఆయన పని చూపిస్తాడు.

మిత్రులకు: పేరు మిగలాలంటే చెట్టు మీద చెక్కనక్కర లేదు. తీగ విప్పే రోజు చేతులు కావాలి, రండి. నా మాటల్లో ఏదైనా సరిపోలేదనిపిస్తే ఈ కాగితం కింద తెల్ల కాగితం అంటించాను. అందులో రాయండి, వచ్చే సంచికలో జవాబు ఇస్తాను. పెన్సిల్ గోడకు దారంతో కట్టి ఉంది, దయచేసి తీసుకుపోవద్దు.